నగారా చించిన అమ్మాయి

గొంతు మీద కత్తితో మొదలై పెళ్ళితో ముగిసే కథలంటే నాకు ఇష్టం. ఆ మాట బయటికి చెప్పడానికి ఒకప్పుడు మొహమాటపడేదాన్ని. ఇప్పుడు అక్కర్లేదు. ఆ కథలకి పుస్తకాల షాపుల్లో ఒక అరే ఉంది, దానికి 'ఎనిమీస్ టు లవర్స్' అని పేరు కూడా ఉంది. కొన్నేళ్ళుగా ఆ అరలో కొరియన్ పురాణాల ముఖాలు ఎక్కువగా కనిపిస్తున్నాయి. తొమ్మిది తోకల నక్క గుమిహో, సగం చిలిపితనం సగం భయం కలిసిన దొక్కెబీ అనే భూతం, సముద్రదేవుడు, ప్రాణాలు పట్టుకుపోయే దూత. వీళ్ళలో ఒకరు హీరోనో హీరోయినో అవుతారు. రెండోవాళ్ళు వాళ్ళని చంపడానికి వచ్చినవాళ్ళు. మూడొందల పేజీలు గడిచాక కత్తి కింద పడుతుంది.

మనలో చాలామందికి వీళ్ళంతా కె-డ్రామాల ద్వారా పరిచయం. డ్రామా చూశాక నవల, నవల చదివాక 'ఇంతకీ అసలు కథ ఏంటి?' అని వెతుకులాట. నేనూ అలాగే వెతుక్కుంటూ వెనక్కి వెళ్ళాను. శత్రువులు ప్రేమలో పడటం కొరియాలో కొత్త ఫ్యాషనేమీ కాదని అప్పుడు తెలిసింది. దాదాపు తొమ్మిది వందల ఏళ్ళ కిందటి చరిత్ర పుస్తకంలోనే ఉంది. అయితే ఆ పాత కథలకి ఒక లెక్క ఉంది. గీత దాటి అవతలివాళ్ళని ప్రేమించినందుకు ఎవరో ఒకరు మూల్యం చెల్లించాలి. ఆ ఎవరో ఒకరు దాదాపు ప్రతిసారీ ఆడమనిషే. ఇవాళ్టి నవలలు పాత కథలని ఎంతవరకు మార్చాయో తెలియాలంటే, ముగింపులో ముద్దు ఉందా లేదా అన్నదానికంటే ఈ లెక్క ఎవరు కట్టారన్నది చూడాలని నాకనిపిస్తుంది.

1. నగారా

క్రీ.శ. 1145లో గొర్యో రాజ్యంలో కిమ్ బుసిక్ అనే పెద్ద అధికారి, రాజు ఆజ్ఞ మీద 'సంగుక్ సాగీ' అనే చరిత్ర పూర్తిచేశాడు. అంతకు ముందు కొరియా నేలని ఏలిన మూడు రాజ్యాలు గోగురియో, బెక్జే, సిల్లాల చరిత్ర అది. ఆ కాలపు పండితుల పద్ధతిలో చీనా భాషలో రాశాడు. అందులో గోగురియో రాజు డేముసిన్ పాలన కింద, క్రీ.శ. 32 నాటి సంఘటనగా ఈ కథ ఉంది.

రాజుగారి కొడుకు హోడోంగ్ అందగాడు. ఓక్జో అనే ప్రాంతంలో తిరుగుతుంటే నాంగ్నాంగ్ ప్రభువు చ్వె రీ ఎదురయ్యాడు. ఈ కుర్రాడి వాలకం చూస్తే మామూలు మనిషిలా లేడు, ఉత్తరదేశపు రాజకుమారుడై ఉండాలి అని పోల్చుకుని, ఇంటికి తీసుకెళ్ళి కూతుర్నిచ్చి పెళ్ళి చేశాడు. నాంగ్నాంగ్‌లో ఒక నగారా, ఒక కొమ్ముబూర ఉండేవి. శత్రువు సరిహద్దులోకి అడుగుపెడితే వాటంతటవే మోగేవి. అవి ఉన్నంతకాలం ఆ దేశాన్ని గెలవడం ఎవరివల్లా కాదు.

హోడోంగ్ తన దేశానికి తిరిగి వెళ్ళాక భార్యకి రహస్యంగా కబురు పంపాడు. నువ్వు మీ ఆయుధశాలలోకి వెళ్ళి ఆ నగారా చించి, ఆ బూర పగలగొడితే నిన్ను మర్యాదగా భార్యగా స్వీకరిస్తాను, లేదంటే లేదు. ఆ అమ్మాయి పదునైన కత్తి తీసుకుని వెళ్ళింది. నగారా చర్మం చీల్చింది, బూర నోరు కోసింది. పని అయిందని కబురు చేసింది. గోగురియో సైన్యం బయల్దేరింది. నగారా మోగలేదు కాబట్టి చ్వె రీ సిద్ధంగా లేడు. సైన్యం కోటగోడ దాకా వచ్చాక ఆయుధశాలకి వెళ్ళి చూస్తే చిరిగిన నగారా కనిపించింది. కూతుర్ని చంపేసి, బయటికొచ్చి లొంగిపోయాడు.

ఇక్కడ కిమ్ బుసిక్ ఇంకో మాట కూడా నమోదు చేస్తాడు. మరికొందరు చెప్పేదాని ప్రకారం, నాంగ్నాంగ్‌ని నాశనం చెయ్యాలనే ముందు పెళ్ళి అడిగారట. పిల్లని కోడలిగా తెచ్చుకుని, ఆ తర్వాత పుట్టింటికి పంపి ఈ పని చేయించారట. చరిత్రకారుడికి ఇది పాఠాంతరం, అంతే. ప్రేమకథలు చదివేవాళ్ళకి మాత్రం గుండె ఆగే చోటు ఇదే. అతను నన్ను ప్రేమించి ఆ తర్వాత వాడుకున్నాడా, వాడుకోవడానికే ప్రేమించాడా? ఇవాళ్టి నవలల్లో సరిగ్గా ముప్పాతిక భాగం దగ్గర వచ్చే మోసం ఘట్టం అంతా ఈ ప్రశ్న మీదే నిలబడుతుంది. 1145 నాటి చరిత్రకారుడు రెండు కథనాలూ పక్కపక్కన పెట్టి, ఏది నిజమో తేల్చకుండా ముందుకి వెళ్ళిపోయాడు.

అదే ఏడాది చివర్లో హోడోంగ్ కూడా చచ్చిపోతాడు. ఇతను యువరాజు అయిపోతాడేమోనన్న భయంతో పట్టపురాణి ఇతని మీద చాడీలు చెబుతుంది. నిజం బయటపెడితే ఆమె చెడ్డదని లోకానికి తెలుస్తుంది, తండ్రికి బాధ కలుగుతుంది అంటూ హోడోంగ్ నోరు విప్పకుండా కత్తి మీద పడి ప్రాణం తీసుకుంటాడు. కిమ్ బుసిక్ ఈ చావు దగ్గర ఆగి తన తీర్పు రాస్తాడు. చాడీలు నమ్మి తప్పు లేని కొడుకుని పోగొట్టుకున్న రాజు దయలేనివాడు. అలాగని కొడుకు తప్పూ లేకపోలేదు, తండ్రికి చెడ్డపేరు రాకుండా తప్పుకునే దారి వెతకాల్సింది అంటాడు. తండ్రి, కొడుకు, కర్తవ్యం. తీర్పు అంతవరకే. నగారా చించిన అమ్మాయి గురించి అందులో ఒక్క ముక్క లేదు. మొత్తం కథలో ఆమెకి పేరే లేదు. చ్వె రీ కూతురు, అంతే.

ఆ నాంగ్నాంగ్ ఏది అన్నదాని మీద చరిత్రకారులు ఇంకా వాదించుకుంటున్నారు. హాన్ చీనా సామ్రాజ్యం క్రీ.పూ. 108లో కొరియా ఉత్తరాన పెట్టిన పరగణా పేరూ అదే. చ్వె రీ రాజ్యం అదేనా, వేరే చిన్న రాజ్యమా అన్నది తేలలేదు. ఆ అమ్మాయికి పేరు పెట్టే పని మాత్రం నాటకాలవాళ్ళూ నవలలవాళ్ళూ టీవీవాళ్ళూ తీసుకున్నారు. 1978లో చ్వె ఇన్‌హున్ ఈ కథ మీద రాసిన 'దుంగ్ దుంగ్ నాంగ్నాంగ్ దుంగ్' నాటకంలో గోగురియో రాణి చనిపోయిన యువరాణికి కవలసోదరి. హోడోంగ్ ఇంటికి తిరిగొస్తే తను చంపించిన ముఖమే సింహాసనం పక్కన కనిపిస్తుంది. 2009లో ఎస్‌బీఎస్ చానల్ తీసిన 'జమ్యోంగ్గో' సీరియల్ ఇంకో అడుగు వేసి, వాటంతటవే మోగే నగారానే ఒక మనిషిగా, యువరాణికి సోదరిగా మార్చింది.

2. పులి

సంగుక్ సాగీ తర్వాత నూట నలభై ఏళ్ళకి, 1280లలో, ఇర్యోన్ అనే బౌద్ధభిక్షువు 'సంగుక్ యూసా' కూర్చాడు. కిమ్ బుసిక్ వదిలేసినవన్నీ ఏరుకొచ్చిన పుస్తకం అది. వింతలు, గుడుల పుట్టుక కథలు, పాటలు, జనం చెప్పుకునే మాటలు. కొరియా మూలపురుషుడు దన్‌గున్ కథ మనకి దొరికేది కూడా అందులోనే. ఎలుగుబంటి, పులి రెండూ మనుషులం కావాలని దేవుణ్ణి వేడుకుంటాయి. మాచిపత్రి లాంటి ఆకు, ఇరవై వెల్లుల్లిపాయలు ఇచ్చి, వంద రోజులు వెలుతురు చూడొద్దంటాడు. ఎలుగు ఓర్చుకుని ఆడమనిషి అయ్యి దన్‌గున్‌కి తల్లి అవుతుంది. పులి ఓర్చుకోలేక వెళ్ళిపోతుంది. ఆ పులి ఏమైందో ఆ కథ చెప్పదు.

అదే పుస్తకంలో ఇంకోచోట మరో పులి వస్తుంది. సిల్లా రాజధానిలో, ఇవాళ్టి గ్యోంగ్జూలో, రెండో నెల ఎనిమిదో రోజు నుంచి పదిహేనో రోజు దాకా ఆడా మగా హంగ్‌న్యున్సా గుడి స్తూపం చుట్టూ ప్రదక్షిణలు చేసే ఆచారం ఉండేది. వన్‌సాంగ్ రాజు కాలంలో, అంటే 785-798 మధ్య, కిమ్ హ్యోన్ అనే కుర్రాడు రాత్రి పొద్దుపోయాక ఒంటరిగా ప్రదక్షిణ చేస్తున్నాడు. వెనకాలే ఒక అమ్మాయి బుద్ధుణ్ణి తలుచుకుంటూ నడుస్తోంది. ఇద్దరి చూపులూ కలిశాయి, ప్రదక్షిణ అయ్యాక మనుషులూ కలిశారు. వద్దంటున్నా వినకుండా అతను ఆమె వెంట ఇంటికి వెళ్ళాడు. కొండ కింద గుడిసె, లోపల ఒక ముసలమ్మ. కాసేపటికి ముగ్గురు అన్నలూ వచ్చారు. పులులు. మనిషి వాసన వస్తోంది, ఆకలి తీరుతుంది అని సంబరపడ్డారు.

అప్పుడు ఆకాశం నుంచి ఒక గొంతు వినిపించింది. మీరు లెక్కలేనన్ని ప్రాణాలు తీశారు, మీలో ఒకరిని చంపి బుద్ధి చెబుతాను అంది. అన్నలు భయపడితే, ఆ శిక్ష నేను తీసుకుంటాను, మీరు పారిపోండి అంది చెల్లెలు. తర్వాత కిమ్ హ్యోన్‌తో తన పథకం చెప్పింది. రేపు నేను పులినై ఊళ్ళోకి వచ్చి జనాన్ని గాయపరుస్తాను. నన్ను పట్టుకున్నవాళ్ళకి రాజు పెద్ద ఉద్యోగం ఇస్తానంటాడు. నువ్వు భయపడకుండా నన్ను ఊరికి ఉత్తరాన ఉన్న అడవి దాకా తరుము, నేను ఎదురుచూస్తుంటాను. అతను ఒప్పుకోలేదు. భార్య చావు అమ్మి పదవి కొనుక్కోవడమా అన్నాడు. నా చావువల్ల అయిదు లాభాలున్నాయి అని ఆమె లెక్క చెప్పింది. దైవాజ్ఞ తీరుతుంది, నా కోరిక తీరుతుంది, నీకు మేలు, నా వాళ్ళకి మేలు, ఊరి జనానికి సంతోషం. నాకోసం ఒక గుడి కట్టించి సూత్రపారాయణ చేయిస్తే చాలు అంది.

మర్నాడు అన్నీ ఆమె చెప్పినట్టే జరిగాయి. అడవిలో ఆమె అమ్మాయి రూపంలో నవ్వుతూ కూర్చుని ఉంది. ఇవాళ నా పంజా తగిలినవాళ్ళకి హంగ్‌న్యున్సా గుళ్ళో సోయా ముద్ద రాసి, ఆ గుడి బూర చప్పుడు వినిపిస్తే నయమవుతుంది అని మందు కూడా చెప్పింది. ఆ తర్వాత కిమ్ హ్యోన్ కత్తి లాక్కుని తన గొంతు తనే కోసుకుంది. కింద పడేసరికి పులి. అతను బయటికొచ్చి పులిని చంపానన్నాడు. పదవి వచ్చింది. మాటిచ్చినట్టే గుడి కట్టించి హోవన్సా అని పేరు పెట్టాడు. పులి కోరిక తీర్చిన గుడి అని అర్థం. జరిగింది ఎవరికీ చెప్పలేదు. చావు దగ్గరపడ్డాక మాత్రం రాసిపెట్టాడు.

ఈ కథ మొదటిసారి చదివినప్పుడు నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. అయిదు లాభాల లెక్క అంత పొందిగ్గా ఉంది. అందరికీ ఏదో ఒకటి దక్కింది. ఆమెకి దక్కింది గుడి పేరులో ఒక అక్షరం. పైగా ఇర్యోన్ ఈ కథ పక్కనే ఒక చీనా కథ చేర్చి రెండింటినీ పోలుస్తాడు. ఆ కథలో షెన్‌తు చెంగ్ అనే ఉద్యోగి భార్య కూడా పులే. పిల్లల్ని కని ఏళ్ళ తరబడి కాపురం చేసి, ఒకరోజు పుట్టింట్లో గోడ మూల పాత పులితోలు కనపడగానే అది కప్పుకుని గర్జించి అడవిలోకి వెళ్ళిపోతుంది. ఇర్యోన్ మెచ్చుకునేది చచ్చిపోయిన సిల్లా పులినే, తోలు కప్పుకుని వెళ్ళిపోయినదాన్ని కాదు.

అలాగని ఆయన్ని తిట్టిపోయడం కూడా తేలిక కాదు. ఇర్యోన్ 1206లో పుట్టి 1289లో పోయాడు. మంగోలుల దండయాత్రలు 1231లో మొదలయ్యాయి. సిల్లా కాలపు మహాస్తూపం ఉన్న హ్వాంగ్న్యోంగ్సా గుడి 1238లో వాళ్ళ చేతుల్లో తగలబడింది. చివరికి గొర్యో లొంగిపోయింది. 1274లో గొర్యో యువరాజు కుబ్లాయ్ ఖాన్ కూతుర్ని పెళ్ళాడాడు. ఆ ఏడే ఛుంగ్న్యోల్ అనే పేరుతో రాజయ్యాడు. ఇర్యోన్‌కి 1283లో దేశంలోకెల్లా పెద్ద భిక్షుపదవి ఇచ్చింది ఆ రాజే. అంటే ఆయన పులిపిల్ల కథ కాగితం మీద పెడుతున్న రోజుల్లో శత్రువు కూతురు రాజమందిరంలో రాణిగా ఉంది. శత్రువుతో కలిసి బతకడం ఎలా అన్నది ఆ తరానికి కాలక్షేపం కథ కాదు. క్రూరమైన జాతిలో పుట్టినా మనసు మంచిదై ఉండొచ్చు అన్న మాట అప్పట్లో ఎంత ఓదార్పుగా వినిపించి ఉంటుందో ఊహించుకోవచ్చు. ఇది నా ఊహే, ఇర్యోన్ ఎక్కడా అలా అనలేదు.

పులి కూడా అప్పట్లో ఉపమానం కాదు. నిజంగానే మనుషుల్ని తినేది. తర్వాతి జొసన్ రాజ్యంలో పులుల్ని పట్టడానికే చక్‌హోగప్సా అనే ప్రత్యేక సైనికదళం ఉండేది. పులి ఇంట్లోకి వస్తే పిల్లలు పోయే కాలంలో, పులిపిల్లని పెళ్ళాడి సుఖంగా ఉన్నారని ముగిస్తే వినేవాళ్ళు నమ్మరు. కథకుడు ఆమెని మంచిదిగా చూపించగలిగాడు కానీ బతికించలేకపోయాడు.

3. జెజు అమ్మాయి

పండితులు, భిక్షువులు రాసిన పుస్తకాలు పక్కన పెట్టి నోటికథల్లోకి వెళ్తే లెక్క కొంచెం మారుతుంది. 'కట్టెలు కొట్టేవాడు, దేవకన్య' కథ కొరియాలో ప్రతి పిల్లకీ తెలుసు. స్నానం చేస్తున్న దేవకన్య బట్టలు దాచేసి ఆమెని ఇంటికి తెచ్చుకుంటాడు. పిల్లలు పుట్టాక మనసు కరిగి బట్టలు చూపించగానే ఆమె పిల్లల్ని చంకనేసుకుని ఆకాశానికి ఎగిరిపోతుంది. 'జగదేకవీరుని కథ' (1961) చూసిన మనకి ఆ బట్టల సంగతి కొత్తేమీ కాదు. జయంతి కూడా చీర చేతికి రాగానే స్వర్గానికి వెళ్ళిపోతుంది కదా. ఇద్దరూ ఇంట్లో మంచి కోడళ్ళే. దొరికిన మొదటి అవకాశంలోనే వెళ్ళిపోయారంటే ఆ కాపురం ఏమిటో కథే చెప్పేసింది.

దక్షిణాన జెజు దీవిలో ఇంకా గట్టి పిల్ల ఉంది. అక్కడ పూజలు చేయించే సింబాంగ్‌లు దేవతల పుట్టుపూర్వోత్తరాలని 'బొన్‌పురి' పేరుతో పాడతారు. అందులో ఒకటి జచాంగ్‌బీ కథ. బట్టలు ఉతుకుతుంటే చదువుకోవడానికి వెళ్తున్న దేవలోకపు కుర్రాడు మున్ దొర్యోంగ్ కనిపిస్తాడు. ఆమె తన తమ్ముణ్ణని చెప్పుకుని మగవేషంలో అతనితోపాటు వెళ్ళి మూడేళ్ళు ఒకే గదిలో చదువుకుంటుంది. అతనికి అనుమానం వస్తుంది, పోటీలు పెడతాడు. ఎవరు ఎక్కువ దూరం మూత్రం పోయగలరు అన్న పోటీ కూడా అందులో ఉంది. జచాంగ్‌బీ వెదురుగొట్టం సాయంతో అదీ గెలుస్తుంది! ఇవాళ 'రైవల్స్ టు లవర్స్' అంటున్నామే, దానికి ఇంతకన్నా పాత, ఇంతకన్నా నవ్వొచ్చే ఉదాహరణ నాకు దొరకలేదు. చదువు అయ్యాక వాగులో ఆకు మీద రాసి వదిలి తను ఆడపిల్లనని తనే చెబుతుంది.

ఆ తర్వాత ఆమె పడే కష్టాలు తక్కువేం కాదు. తన మీద చెయ్యి వెయ్యబోయిన పనివాణ్ణి చంపుతుంది. వాడి ప్రాణం మళ్ళీ తెమ్మని తల్లిదండ్రులు ఇంట్లోంచి గెంటేస్తే, ప్రాణం పోసే పువ్వులు తెచ్చి బతికిస్తుంది. అత్తవారింట కోడలు అనిపించుకోవడానికి నిప్పుల గుండం మీద కత్తులు పరిచిన వంతెన నడుస్తుంది. పాదం తెగి నెత్తురు కారుతుంది. కానీ బతుకుతుంది. చివరికి దేవలోకం నుంచి ధాన్యపు గింజలు తెచ్చి జెజు పొలాలకి దేవత అవుతుంది. మూల్యం ఇక్కడా ఆడపిల్లే కట్టింది, కాకపోతే కట్టినదానికి ఫలితం ఆమె చేతికే వచ్చింది. సామాన్య జనం పొలం దేవతగా కొలుచుకున్న అమ్మాయి కాబట్టి చంపుకోలేదేమో.

4. నక్క టీవీలోకి వచ్చింది

ఇప్పటి ఫ్యాంటసీకి పులికంటే నక్క ఎక్కువ పనికొచ్చింది. దానికో చారిత్రక కారణం కూడా ఉందనుకుంటాను. జపాన్ 1910లో కొరియాని ఆక్రమించాక, హానికర జంతువుల నిర్మూలన పేరుతో పులుల వేట పెద్ద ఎత్తున సాగింది. 1917లో యమమొతో తదసబురొ అనే జపాన్ వ్యాపారి కొరియాకి వేటదండు తీసుకెళ్ళి, తిరిగొచ్చాక టోక్యో ఇంపీరియల్ హోటల్లో పెద్దమనుషులకి పులిమాంసంతో విందు చేశాడు. మరికొన్నేళ్ళకి దక్షిణాది కొండల్లో పులి దాదాపు కనుమరుగైంది. నిజం పులి పోయాక కథలో భయపెట్టే పని కంటికి కనపడని జంతువుకి అప్పగించాల్సి వచ్చింది.

తొమ్మిది తోకల నక్క తూర్పు ఆసియా అంతటికీ ఉమ్మడి ఆస్తి. చీనాలో హులిజింగ్, జపాన్‌లో కిత్సునే. కొరియా గుమిహోకి ప్రత్యేకం నక్కమణి. పాత కథలో బడికెళ్ళే కుర్రాణ్ణి రోజూ దారిలో ఒక అందమైన అమ్మాయి ముద్దుపెట్టుకుంటుంది. నోట్లో ఉన్న మణి అతని నోట్లోకి, మళ్ళీ తన నోట్లోకి. అతను రోజురోజుకీ చిక్కిపోతాడు. గురువు గుట్టు పసిగట్టి, ఈసారి మణి మింగేసి వెంటనే ఆకాశం వైపు చూడు, ఆకాశవిద్యలన్నీ వస్తాయి అంటాడు. కుర్రాడు మింగుతాడు కానీ కంగారులో నేల వైపు చూస్తాడు. అందుకే మనుషులకి నేల మీది సంగతులే తెలుసు, ఆకాశం సంగతులు తెలియవు. నక్క ఏమైందంటే, చచ్చింది. అక్కడ అది ప్రియురాలు కానే కాదు, ముద్దు రూపంలో వచ్చిన చావు.

కేబీఎస్ చానల్లో 1977లో మొదలైన 'జన్‌సరె గోహ్యాంగ్' అనే జానపద కథల సీరియల్ గుమిహోని ఇంటింటి దయ్యం చేసింది. తెల్లటి బట్టలు, విరబోసుకున్న జుట్టు, మనిషి కావాలన్న ఆశతో గడువు దాకా ఓర్చుకున్న భార్య. గడువు తీరబోతుండగా మొగుడు రహస్యం బయటపెట్టేస్తాడు, ఆశ కూలిపోతుంది. వంద రోజులు గుహలో ఓర్చుకోలేక వెళ్ళిపోయిన ఆ పాత పులి నాకు ఇక్కడ గుర్తొస్తుంది. ఈసారి ఓర్చుకోలేకపోయింది మగవాడు, నష్టపోయింది మాత్రం ఆమే.

2010లో ఎస్‌బీఎస్‌లో వచ్చిన 'మై గర్ల్‌ఫ్రెండ్ ఈజ్ ఎ గుమిహో' రొమాంటిక్ కామెడీ. మాంసం అంటే పడిచచ్చే అమాయకపు నక్క, మొదట్లో ఆమెకి భయపడి పారిపోవాలని చూసే కుర్రాడు. కానీ రచయిత్రులు హాంగ్ సోదరీమణులు మధ్యలో పాత లెక్క బయటికి తీశారు. నక్కమణిని వంద రోజులు ఒంట్లో దాచిపెట్టుకుంటే ఆమె మనిషి అవుతుంది. అయితే ఆమె మనిషి కావాలంటే అతను చావాలి. ఈ సంగతి తెలిశాక ఇద్దరూ ఒకరికి తెలియకుండా ఒకరు ఆ అప్పు తన మీద వేసుకోవాలని చూస్తారు. మిగతా సీరియల్ అంతా అదే తగువు. అయిదు లాభాల లెక్క విని ఒప్పుకుని కత్తి పట్టుకెళ్ళిన కిమ్ హ్యోన్ కంటే ఈ కుర్రాడు ఎన్నో మెట్లు పైన ఉన్నాడు. పదేళ్ళ తర్వాత 2020లో టీవీఎన్ 'టేల్ ఆఫ్ ది నైన్ టెయిల్డ్'లో నక్కనే మగవాణ్ణి చేసేసింది.

ఇంకో సంగతి. కొరియాలో శత్రువు అనే మాటకి కథల బయట కూడా చాలా బరువుంది. 1953లో ఆగిన యుద్ధానికి ఇప్పటిదాకా శాంతి ఒప్పందం లేదు. 1999 నాటి 'స్విరి' సినిమాలో దక్షిణాది ఏజెంటు తన ప్రియురాలే ఉత్తరాది గూఢచారి అని తెలిశాక తన చేత్తోనే ఆమెని కాలుస్తాడు. హోడోంగ్ నాటి లెక్కే. మనవాళ్ళు విరగబడి చూసిన 'క్రాష్ ల్యాండింగ్ ఆన్ యూ' (2019-20) దగ్గరకొచ్చేసరికి ఆ ఇద్దరూ ఏడాదికి రెండు వారాలు స్విట్జర్లాండ్‌లో కలుసుకుంటారు. మిగతా యాభై వారాల ఎడబాటు ఇద్దరికీ సమానం.

5. చంపడానికి గడువు పధ్నాలుగు రోజులు

ఇక్కడి నుంచి కథ సముద్రం దాటింది. అమెరికాలో పెరిగిన కొరియన్ సంతతి రచయిత్రులు ఈ సరుకుని ఇంగ్లీషులో కుర్రకారు ఫ్యాంటసీగా మలిచారు. క్యాట్ చో 'వికెడ్ ఫాక్స్' (2019) ఇవాళ్టి సియోల్‌లో నడుస్తుంది. మగవాళ్ళ ప్రాణశక్తితో బతికే గు మియంగ్, దొక్కెబీ బారి నుంచి జిహూన్ అనే కుర్రాణ్ణి కాపాడబోయి తన నక్కమణి పోగొట్టుకుంటుంది. పాత కథలో మణి కుర్రాడు మింగేశాడు. ఇక్కడ అతను అది తిరిగి ఇవ్వాలి. ఒక్క వస్తువు చేతులు మారే తీరు మార్చి కథంతా మార్చేసింది.

యాక్సీ ఓ రాసిన 'ది గర్ల్ హూ ఫెల్ బినీత్ ది సీ' (2022)కి మూలం షిమ్ చాంగ్ కథ. గుడ్డి తండ్రికి చూపు రావాలని మూడొందల బస్తాల బియ్యానికి తనని తాను అమ్ముకుని సముద్రంలో దూకిన అమ్మాయి. నవలలో షిమ్ చాంగ్ బదులు మినా దూకుతుంది, షిమ్ చాంగ్‌ని ప్రేమించిన తన అన్న కోసం. నీళ్ళ కింద ఆమెకి మొదట ఎదురైన షిన్ అనే దొర ఆమె ప్రాణాన్ని పక్షిగా చేసి ఎత్తుకుపోతాడు. ఆమె దాన్ని తిరిగి తెచ్చుకోవడానికి అతని ఇంటికి బయల్దేరుతుంది. ఆడపిల్లల్ని ఏటా సముద్రానికి ఇవ్వడమే తప్పన్న మాట నవల సూటిగా అంటుంది. అయిదు లాభాల లెక్కకి ఇది నాకు నచ్చిన జవాబు.

సోఫీ కిమ్ 'లాస్ట్ ఆఫ్ ది టాలన్స్' (2022) ఈ అరలో అచ్చమైన నమూనా. హంతకురాలు లీనాని దొక్కెబీ చక్రవర్తి రూయి ఎత్తుకుపోతాడు. పధ్నాలుగు రోజుల్లో అతన్ని చంపాలి, లేకపోతే తనవాళ్ళందరినీ పోగొట్టుకుంటుంది. అదే రచయిత్రి 'ది గాడ్ అండ్ ది గుమిహో' (2024)లో హీరో సక్గా దేవుడు. ఈ సక్గా ఎవరంటే, 1923లో సోన్ జిన్‌తె అనే జానపద పరిశోధకుడు హమ్‌హంగ్ ప్రాంతపు పూజారిణి నోట విని రాసుకున్న సృష్టిగీతంలో దగాకోరు. లోకాన్ని ఎవరు ఏలాలి అని మిరుక్, సక్గా పోటీపడతారు. ఎవరి ఒడిలో పువ్వు పూస్తే వాళ్ళది లోకం. మిరుక్ ఒడిలో పూసిన పువ్వుని అతను నిద్రపోతుండగా సక్గా దొంగిలిస్తాడు. లోకంలో చెడు అందుకే ఉంది అంటుంది ఆ గీతం. నవలలో ఆ దొంగదేవుడు ఒక నేరస్తురాలైన నక్కని వేటాడుతుంటాడు. ఆ వేటలో పక్కనుండి సాయం చేసే హానీయే ఆ నక్క అని అతనికి తెలియదు.

ఇవన్నీ సమానంగా మంచివని అనను. ఈ అరలో చాలా పుస్తకాల్లో శత్రువు అంటే కాస్త పొగరుబోతు అందగాడు. అతను ఏదో ఘోరం చేశాడని ఎవరో చెబుతారు, తర్వాత అదంతా అపార్థమని తేలుతుంది. అప్పుడు క్షమించడానికి ఏమీ మిగలదు, ప్రేమించడానికి ధైర్యమూ అక్కర్లేదు. గుమిహో అన్నది పేరుకే. తోకలు తీసేస్తే కాలేజీలో తగువులాడుకున్న ఇద్దరు కనిపిస్తారు. పులి ఎవర్నీ తినకపోతే కిమ్ హ్యోన్ కథకి అర్థమే లేదు కదా. ముగింపు సుఖాంతమైతే నాకేం అభ్యంతరం లేదు, శత్రుత్వం మాత్రం నిజంది కావాలి. నేను చెప్పిన నాలుగింటిలోనూ ఎవరో ఒకరు నిజంగానే ప్రాణాలు తీశారు, లేదా తీయబోయారు. అందుకే వాళ్ళ దగ్గర కత్తి కింద పడితే చప్పుడు వినిపిస్తుంది.

ఈ నవలలు తిరగేసిన ప్రతిసారీ నేను సంగుక్ సాగీలో ఆ పేరులేని అమ్మాయి దగ్గరికే వెళ్తుంటాను. ఆయుధశాలలో ఒంటరిగా, చేతిలో కత్తి, ఎదురుగా నగారా. అతను ప్రేమించాడో లేదో ఆమెకి తెలియదు, మనకీ తెలియదు. కోయకుండా వెనక్కి తిరిగి ఉంటే? మాట మార్చి, నువ్వే రా, ఈ నగారా ముందు నిలబడి నీ నోటితో అడుగు అని కబురు పంపి ఉంటే? శత్రువు అడుగుపెడితే దానంతటదే మోగే నగారా అది. హోడోంగ్ ఒంటరిగా, సైన్యం లేకుండా సరిహద్దు దాటి వస్తే అది మోగేదా, మోగేది కాదా అన్నది ఆమెకి అప్పుడే తెలిసిపోయేది. ఆ ఒక్క ఘట్టం మీద ఎవరైనా మంచి నవల రాస్తే, ముందు నేనే కొంటాను.